ఇంటి కప్పుపై సూర్యశక్తి – గృహస్థు చేసికొనవలసిన లెక్క

(మొగల్తూరులో జరిగిన గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున సమాచార శాఖ ప్రచారాధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



నన్ను సూర్యశక్తిని గురించి నాలుగు మాటలు చెప్పుమని కోరినారు. రథసప్తమినాడు జిల్లేడాకులు తలపై పెట్టుకొని స్నానము చేయు మనకు సూర్యుడు కొత్తవాడు కాడు. ఆయన మహిమను చెప్పుటకు ఈ ఊరిలో నాకన్న తెలిసిన పెద్దలు కలరు. నేను చెప్పవచ్చినది చిన్న సంగతి. ఇంటి డాబాపై సోలారు పలకలు అమర్చుకొనదలచిన గృహస్థు తన చేతులతో తాను ఎంతవరకు చేసికొనవచ్చును, ఎక్కడ చేయి వెనుకకు తీసికొనవలెను అనునదే ఆ సంగతి. ఆ గీత ఎక్కడనున్నదో తెలియక డబ్బు పోగొట్టుకొన్నవారిని చూచితిని. ప్రాణము పోవు దారి కూడ అందులో ఒకటి కలదు. దానికి తరువాత వత్తును.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమును ప్రారంభించినది. దేశమున కోటి ఇండ్లపై పలకలు అమర్చవలెనని లక్ష్యము. గడువు 2026–27 ఆర్థిక సంవత్సరము వరకు. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, మూడవ కిలోవాటుకు 18,000 రూపాయలు, వెరసి 78,000 రూపాయలు సబ్సిడీగా గృహస్థు బ్యాంకు ఖాతాలో పడును. అంతకు మించి ఎంత పెద్దది పెట్టినను 78,000 దాటదు. ఈ సంగతి తెలిసిన నాటి నుండి ఊరూర ఏజెంట్లు తిరుగుచున్నారు. వారిలో మంచివారును ఉన్నారు, తొందరపెట్టువారును ఉన్నారు. మన లెక్క మనకు తెలిసియున్నచో ఇరువురితోను ధైర్యముగా మాట్లాడవచ్చును.

చదువుకొన్న యువకులు కొందరు నాతో ఇట్లు వాదించుచున్నారు: "పలకలు మనమే కొని తెచ్చి, మనమే బిగించుకొన్నచో ఖర్చు సగమగును గదా! జర్మనీలో అట్లే చేయుచున్నారు గదా!" జర్మనీ మాట నిజమే. అచ్చట చిన్న పలకలను బాల్కనీకి తగిలించి, 800 వాట్ల వరకు ఇంటి ప్లగ్గులోనే కలుపుకొనుటకు 2024లో చట్టము వెసులుబాటు కల్పించినది. దానికి తగిన ఇన్వర్టరు, దానికి తగిన నిబంధనలు అచ్చట ఏర్పడియున్నవి. మన దేశమున పద్ధతి వేరు. పథకములో నమోదైన విక్రేత చేతనే బిగింపించవలెను. పలకలోని సెల్లులు కూడ మన దేశమున తయారైనవి కావలెను. విద్యుత్ పంపిణీ సంస్థవారు వచ్చి చూచి నెట్ మీటరు పెట్టవలెను. ఈ మూడును జరిగిననే సబ్సిడీ. స్వయముగా బిగించుకొన్న వానికి 78,000 రూపాయలు పోవును. విక్రేత 5 ఏండ్లపాటు చేయవలసిన మరమ్మతు బాధ్యతయు పోవును. కూలిలో మిగిలినది ఎంత, పోయినది ఎంత, మీరే లెక్క వేయుడు.

అట్లైన గృహస్థునకు పని ఏమియు లేదా? చాల ఉన్నది. బిగించుట ఒకటి రెండు దినముల పని. దానికి ముందు చేయవలసినది నెల రోజుల పని. అది ఏ ఏజెంటును మన కొరకు చేయడు, చేసినను మన మేలు కోరి చేయునని నమ్మకము లేదు.

మొదట పన్నెండు నెలల కరెంటు బిల్లులు తీసి యూనిట్లు కూడుడు. ఒక్క వేసవి బిల్లు చూచి నిర్ణయించినచో పలకలు ఎక్కువగును. ఒక్క పుష్యమాసపు బిల్లు చూచినచో తక్కువగును. పిమ్మట ఇల్లంతయు తిరిగి ఒక కాగితముపై వ్రాసికొనుడు. ఒక మధ్య తరగతి ఇంటి లెక్క చెప్పెదను. పాత రకపు పంకాలు నాలుగు, ఒక్కొక్కటి 75 వాట్లు, దినమునకు 12 గంటలు తిరిగినచో 3.6 యూనిట్లు. ఎల్.ఇ.డి. దీపములు ఆరు కలిసి పావు యూనిటుకు కొంచెము ఎక్కువ. ఫ్రిజ్జు ఒక యూనిటు. టీవీ మూడవ వంతు. అర గుర్రపు శక్తి గల నీళ్ల మోటారు గంటసేపు వేసినచో నలుబది వంతులు, అనగా 0.4 యూనిటు. మొత్తము దినమునకు 5.6, నెలకు దాదాపు 168 యూనిట్లు.

మన కోస్తాలో ఒక కిలోవాటు పలకలు ఏడాది సగటున దినమునకు 4 యూనిట్ల వరకు ఇచ్చును. ఎండలు కాయు చైత్ర వైశాఖములలో ఎక్కువ, శ్రావణ భాద్రపదముల ముసురులో తక్కువ. కావున ఈ ఇంటికి 2 కిలోవాట్లు కావలెనని పైకి తోచును. కాని ఆ కాగితమును మరల చూడుడు. ఖర్చులో సగమునకు పైగా పంకాలదే! ఆ నాలుగింటిని 30 వాట్ల కొత్త రకపు పంకాలుగా, బజారులో బి.ఎల్.డి.సి. అనువానిగా మార్చినచో 3.6 యూనిట్లు 1.44 అగును. ఇంటి ఖర్చు నెలకు 168 నుండి 103కు దిగును. ఒక కిలోవాటు పలకలే చాలును. పలక కొనుటకు ముందు పంకా మార్చుమని ఏజెంటు చెప్పడు. ఈ లెక్క మా ఇంట వేసినది నా భార్య. నేను సభలలో చెప్పుకొనుచున్నాను.

ఇంటిలో ఎ.సి. ఉన్నవారి లెక్క వేరు. టన్నున్నర ఎ.సి. గంటకు ఇంచుమించు యూనిటున్నర తినును. వారు 3 కిలోవాట్లకు పోవుట న్యాయమే.

ఇక స్థలము. కిలోవాటునకు 100 చదరపు అడుగులు నీడ పడని చోటు కావలెను. ఇందులో 'నీడ పడని' అను మాటయే కష్టము. మన గోదావరి మండలమున కొబ్బరిచెట్టు నీడ పడని డాబా ఎన్నింటికి కలదు? వరుసగా కలిపిన పలకలలో ఒకదానిపై మట్ట నీడ పడినను, దానితోపాటు తోడి పలకల ఉత్పత్తియు కొంత తగ్గును.

ఇచ్చట నా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. మా ఇంట పలకలు పెట్టదలచినపుడు నేనే టేపు పట్టుకొని మేడ ఎక్కితిని. అది వైశాఖమాసము. మిట్టమధ్యాహ్నము. డాబాపై ఎక్కడను నీడ లేదు. ఉండదు గదా! మొగల్తూరు భూమధ్యరేఖకు ఉత్తరముగా 16 డిగ్రీలకు కొంచెము పైన ఉన్నది. మా ఊరును ఇంచుమించు అంతే. మే మొదటి వారము దాటగానే సూర్యుడు సరిగా నెత్తిమీదికి వచ్చి, ఆగస్టు మొదటి వారము వరకు మధ్యాహ్నవేళ ఉత్తరపు వైపుననే ఉండును. నేను సంతోషముతో పలకలు పెట్టించితిని. మార్గశిరము వచ్చినది. సూర్యుడు దక్షిణమునకు దిగినాడు. ఆగ్నేయమున పొరుగువారి కొబ్బరిచెట్టు నీడ ప్రొద్దున్నే వచ్చి నా పలకలపై పడుకొని పదకొండు గంటలకు గాని లేవదు. చెట్టు కొట్టుమనుటకు నోరు రాలేదు. కాపు కాయుచున్న చెట్టు. పలకలనే పడమటికి జరిపించి, మేస్త్రీకి రెండవ కూలి ఇచ్చుకొంటిని.

కావున నీడ కొలుచుటకు తగిన కాలము ధనుర్మాసము. డిసెంబరు మూడవ వారమున మధ్యాహ్నము పండ్రెండు గంటలకు, డాబా మట్టమునకు పైన చెట్టు 40 అడుగులు ఉన్నచో దాని నీడ ఉత్తరముగా 33 అడుగులు సాగును. ఉదయము తొమ్మిదికి 65 అడుగులు దాటును. ఆ నీడ తొలగిన స్థలమే పలకలకు నిజమైన స్థలము. ముగ్గుపిండితో గీత గీసి పెట్టుకొన్నచో ఎవరు వచ్చినను చూపవచ్చును. పలకల ముఖము దక్షిణమునకు, వాలు 10 నుండి 15 డిగ్రీల లోపల ఉండవలెను. అంతకన్న నిలువుగా ఎత్తినచో గాలికి తెరచాప అగును.

గాలి మాట వచ్చినది గనుక కొంచెము ఆగి చెప్పెదను. పేరుపాలెము సముద్రతీరము ఈ మండలములోనిదే. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరితోటలను ఎట్లు పడగొట్టినదో ఇచ్చటి పెద్దలు మరచియుండరు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురము సమీపముననే తీరము దాటినది. దాని గాలి గంటకు 90 నుండి 100 కిలోమీటర్లు. ఇపుడు వచ్చుచున్న ఒక పెద్ద పలక బరువు 28 కిలోలు, వైశాల్యము 2.6 చదరపు మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల గాలి దానిపై సుమారు 120 కిలోల బలము చూపును. కోస్తా కట్టడములకు ఇంజనీర్లు లెక్కలోనికి తీసికొను గాలి వేగము గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలికి బలము 400 కిలోలకు పోవును. వేగము రెండింతలైన బలము నాలుగింతలగును. 28 కిలోల పలక తన బరువుతో తాను కూర్చుండునని అనుకొనుట వెఱ్ఱి.

నేను తుపాను పనులపై వెళ్లిన ఒక గ్రామమున, ఊరి పేరు అక్కర లేదు, ఒక గృహస్థు పలకలను తానే తెచ్చి, ఇనుప చట్రము కాళ్లపై సిమెంటు ఇటుకలు పేర్చి, కొబ్బరితాటితో పిట్టగోడకు కట్టియుంచినాడు. తెల్లవారుసరికి ఒక పలక ప్రక్క వీధిలోని పశువుల పాకపై ఉన్నది. పాకలో ఆ రాత్రి ఎవరును పడుకొనలేదు. అది అదృష్టము, లెక్క కాదు.

డాబా స్లాబును గృహస్థే పరీక్షించుకొనవచ్చును. ఉప్పుగాలికి లోపలి ఊచలు తుప్పుపట్టి అడుగున పెచ్చులూడుచున్న స్లాబుపై ఏమియు పెట్టరాదు. మంచి స్లాబున కాంక్రీటు దిమ్మెలు స్లాబుతో కలిసిపోవునట్లు పోయించి, వానిలో బోల్టులు దింపవలెను. ఊరక రంధ్రములు చేసినచో వర్షాకాలమున పడకగదిలో తెలియును. చట్రమునకు జింకు పూత దట్టముగా ముంచి తీసిన ఇనుము, బోల్టులకు స్టెయిన్‌లెస్ స్టీలు కావలెను. రంగు వేసిన మామూలు ఇనుము ఇచ్చట రెండు వర్షములు ఆగదు. అల్యూమినియము ఇనుమును తాకు చోట మధ్య రబ్బరు బిళ్ల వేయకున్న ఉప్పు తేమకు అల్యూమినియము తినివేయబడును. ఇన్వర్టరును నేలగదిలో పెట్టనీయకుడు. మీ ఇంట వరదనీరు ఎంత ఎత్తు వచ్చినదో మీకే తెలియును, దానికి రెండడుగులు పైన పెట్టింపుడు. పెంకుటిండ్లవారు పెంకులపై బిగింపరాదు. దూలములు, వాసములు గట్టివైనచో వానికే కొక్కెములు తగిలించవలెను. లేనిచో దొడ్డిలో కాంక్రీటు స్తంభములపై చట్రము నిలుపుట మేలు. పలకలు కడుగుటకు ఉప్పు బోరు నీరు వాడినచో తెల్లని పొర కట్టును. కాలువ నీరు గాని వాననీరు గాని వాడి, ఎండ ఎక్కకముందే కడుగవలెను.

ఇంతవరకు గృహస్థు పని. ఇక చేయి వెనుకకు తీసికొనవలసిన చోటునకు వచ్చితిమి.

సోలారు పలకకు స్విచ్చి లేదు. వెలుగు పడినంతసేపు అది కరెంటు పుట్టించుచునే ఉండును. ఆరు పలకలు వరుసగా కలిపినచో తీగల కొసలయందు 300 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఉండును. ఇంటి కరెంటు తీగ వదులైనచో చిన్న మెరుపు మెరిసి ఆరును. ఈ విద్యుత్తు మెరుపు అంత త్వరగా ఆరదు; నిలిచి మండును. కావున పలకల కనెక్షన్లు, ఎర్తింగు గుంతలు, పిడుగు కడ్డీ, ఇవన్నియు శిక్షణ పొందినవాని పని. మనము అడిగి చూడవలసినది ఒకటే: పిడుగు కడ్డీకి వేరు గుంత తీసినారా, లేక ఒకే గుంతకు అన్నియు తగిలించినారా అని.

రెండవది ఇంతకన్న ముఖ్యము. "తుపానుకు వారము దినములు కరెంటు పోయినను మాకు బాధ లేదు, సోలారు ఉన్నది" అని పలువురు నాతో చెప్పినారు. ఈ పథకము క్రింద సామాన్యముగా పెట్టు ఏర్పాటులో బ్యాటరీ ఉండదు. పగలు మిగిలిన కరెంటు లైనులోనికి పోవును, రాత్రి కావలసినది లైనునుండి వచ్చును, మీటరు రెండును వ్రాసికొనును. లైనులో కరెంటు పోగానే ఇన్వర్టరు తనంత తానే ఆగిపోవును. పట్టపగలు ఎండ కాయుచున్నను ఇంటిలో దీపము వెలుగదు. ఇది లోపము కాదు, కావలెనని చేసినది.

కారణము వినుడు. తుపాను పిమ్మట లైనుమాను స్తంభము ఎక్కుచున్నాడనుకొనుడు. సబ్‌స్టేషనులో లైను ఆపించినాడు. తన లెక్క ప్రకారము తీగ చచ్చియున్నది. క్రింద ఒక ఇంటిలో ఒకడు తెలివికలవాడు ఇన్వర్టరును గాని జనరేటరును గాని మార్పుస్విచ్చి లేకుండ ఇంటి వైరింగునకు కలిపినాడు. ఆ కరెంటు మీటరు దాటి వీధిలోనికి పోయి, ట్రాన్స్‌ఫార్మరును వెనుకనుండి చేరును. 11,000 వోల్టులను 230కి దించు ఆ యంత్రమే, వెనుకనుండి 230 వచ్చినచో దానిని 11,000 చేసి పైతీగలోనికి పంపును. స్తంభముపై నున్నవాడు మన ఊరివాడే, మన ఊరి ఎనర్జీ అసిస్టెంటు కావచ్చును. ఇది పలకలకు మాత్రమే చెందిన మాట కాదు. రొయ్యల చెరువుల గట్లపై ఎన్ని జనరేటర్లున్నవో మీకు తెలియును.

తుపాను దినములలో కూడ వెలుగు కావలెననుకొన్నవారు రెండు దారులలో ఒకటి పట్టవచ్చును. బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరును, లైనునుండి పూర్తిగా విడదీయు స్విచ్చితో సహా, విక్రేత చేతనే పెట్టింపవచ్చును. ఖర్చు ఎక్కువ. రెండవది, మన యువకులకు నేను సంతోషముతో అప్పగించునది, లైనుతో ఏ సంబంధమును లేని చిన్న ఏర్పాటు. ఇది నిజముగా స్వహస్తముతో చేసికొనదగినది. 150 వాట్ల పలక ఒకటి, 12 వోల్టుల 100 ఆంపియరు-గంటల బ్యాటరీ ఒకటి, నడుమ ఛార్జి కంట్రోలరు. దానిపై 12 వోల్టులతో నడచు 30 వాట్ల పంకా 8 గంటలు, 9 వాట్ల దీపములు రెండు 6 గంటలు, సెల్‌ఫోన్లు రెండు మూడు. వెరసి దినమునకు 370 వాట్-గంటలు. పలక మంచి ఎండలో 450 వరకు ఇచ్చును. ముసురుపట్టిన దినమున అంత రాదు. బ్యాటరీని సగమునకు మించి ఖాళీ చేయక, పంకా తగ్గించుకొనవలెను. బ్యాటరీకి జానెడు దూరములోనే ఫ్యూజు పెట్టుడు. తీగ లావుగా, పొట్టిగా ఉంచుడు. బ్యాటరీని గాలి ఆడు చోట, పిల్లల చేతికి అందక ఉంచుడు. చెరువుగట్టు కాపలా గుడిసెకు, పశువుల పాకకు, తుపాను రాత్రి ఇంటిలో ఒక గదికి ఇది చాలును. ఈ తీగలకు ఇంటి గోడలోని వైరింగుతో చుట్టరికము కలుపరాదు. ఒక్క ప్లగ్గు కూడ.

1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు మొదటి సిలికాను సెల్లును లోకమునకు చూపినపుడు అది ఎండలో నూటికి 6 వంతులను విద్యుత్తుగా మార్చినది. నేడు బజారులోని సామాన్యపు పలక 20 వంతులు దాటి మార్చుచున్నది. పనిముట్టు పక్వమునకు వచ్చినది. 2025లో నాగర్‌కర్నూలు జిల్లాలోని కొండారెడ్డిపల్లె ఊరంతయు పలకలు అమర్చుకొని పత్రికలకెక్కినది.

పంచాయతీ చేయదగిన పనులు నాకు తోచినవి చెప్పెదను. ఊరిలో ఎవరి ఇంటిపై పలకలున్నవి, ఎవరి చెరువుపై జనరేటరున్నది, దేనికి మార్పుస్విచ్చి ఉన్నది, దేనికి లేదు, ఈ నాలుగు కాలములతో ఒక రిజిస్టరు తెరచి ఎనర్జీ అసిస్టెంటు వద్ద ఒక ప్రతి ఉంచుడు. తుపాను హెచ్చరిక వచ్చిన దినమున ఆ రిజిస్టరు పట్టుకొని ఒకమారు ఇల్లిల్లు తిరిగినచో బోల్టులు బిగువుగా ఉన్నవో లేవో తెలియును, స్తంభమెక్కువానికి ధైర్యము కలుగును. తన పరిధిలో పలకలు బిగింపబడిన ఇంటికి 1,000 రూపాయల చొప్పున స్థానిక సంస్థకు ప్రోత్సాహకము ఈ పథకములోనే కలదు. ఆ సొమ్ము రిజిస్టరుకు, టేపులకు, నిచ్చెనకు మించియే ఉండును. షెడ్యూల్డు కులముల, తెగల ఇండ్లకు 2 కిలోవాట్లు ఉచితముగాను, వెనుకబడిన తరగతులవారికి అదనముగా 20,000 రూపాయలును ఇచ్చుటకు 2025లో రాష్ట్ర ప్రభుత్వము నిర్ణయించినది. కాని ఆ ఇండ్లలో చాలవానికి స్లాబులు చిన్నవి, కొన్ని పెచ్చులూడినవి. ఏ ఇంటి కప్పు తగును, ఏది తగదు అనుట ఆ వార్డు సభ్యునికి తెలిసినట్లు ఏ కార్యాలయమునకును తెలియదు. తగని ఇంటివారికి ఊరి ఉమ్మడి స్థలములో చోటు చూపుట గురించి మీరు తీర్మానము చేసి పంపినచో, పైవారికి చేర్చు బాధ్యత నాది.

ఇపుడు పదకొండున్నర అయినది. ఇది ధనుర్మాసము. సర్పంచి గారు అనుమతించినచో సభ ముగించి, పంచాయతీ కార్యాలయపు డాబా ఎక్కుదము. దక్షిణమున నున్న ఆ రెండు కొబ్బరిచెట్ల నీడ పండ్రెండు గంటలకు ఎంతవరకు వచ్చునో కొలిచి చూతము. టేపును, ముగ్గుపిండియు నేను తెచ్చితిని. నిచ్చెన ఎవరైన తెప్పింపవలెను.